సేఫ్టీ ఆఫీసర్ రెజ్యూమె: ఏది ముందు, ఏది వెనక?

పైడిభీమవరం మొదలుకొని పరవాడ, అచ్యుతాపురం దాకా మందుల కంపెనీలు, రసాయన పరిశ్రమలు పెరిగిన కొద్దీ ఉత్తరాంధ్రలో ఒక కొత్త కొలువుకు గిరాకీ వచ్చింది. "సేఫ్టీలో చేస్తున్నాడు" అనే మాట రణస్థలం, ఎచ్చెర్ల, పూసపాటిరేగ ఊళ్లలో ఇప్పుడు ఎవరికీ వింతగా అనిపించదు. భోగాపురం విమానాశ్రయం, మూలపేట ఓడరేవు పనులతో నిర్మాణ రంగంలోనూ ఈ కొలువుల మాట వినబడుతోంది. ఉద్దానం నుంచి వెల్డర్లుగా, రిగ్గర్లుగా, స్కాఫోల్డర్లుగా గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో కొందరు కొన్నేళ్లు పనిచేశాక సేఫ్టీ వైపు మళ్లాలని చూస్తున్నారు.

ఈ తోవల్లో వచ్చేవాళ్లందరికీ మొదట ఎదురయ్యే చిక్కు రెజ్యూమె. శిక్షణ సంస్థ ఒకటి చెబుతుంది, కంపెనీ హెచ్‌ఆర్ విభాగం ఇంకొకటి చూస్తుంది, గల్ఫ్ కన్సల్టెన్సీ మూడోది అడుగుతుంది, ఫ్యాక్టరీల నియమాల్లో నాలుగోది రాసి ఉంటుంది. నలుగురి మాటా విని రాసిన కాగితం నాలుగు పేజీలకు పెరిగి ఎవరికీ అక్కరకు రాకుండా పోతుంది. చిక్కుకు మూలం ఆ ఉద్యోగంలోనే ఉంది. మేస్త్రీ తాను కట్టిన గోడ చూపిస్తాడు, వెల్డర్ తాను వేసిన అతుకు చూపిస్తాడు. సేఫ్టీ ఆఫీసర్ బాగా పనిచేశాడనడానికి గుర్తు, ఏమీ జరగకపోవడమే. జరగనిదాన్ని కాగితం మీద ఎలా చూపాలన్నదాని చుట్టూనే ఇన్ని వాదాలు తిరుగుతున్నాయి.

చట్టం తెచ్చిన కొలువు

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో మొదట ఈ పదవి లేదు. 1976 సవరణతో 40-బి సెక్షన్ చేరింది. వెయ్యి మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీల్లోనూ, పని వల్ల గాయాలు, విషప్రభావం, జబ్బుల ముప్పు ఉందని రాష్ట్ర ప్రభుత్వం తలచిన చోట్లా సేఫ్టీ ఆఫీసర్లను నియమించాలన్నది దాని సారం. 1984 డిసెంబరులో భోపాల్ ఘోరం జరిగింది. ఆ తర్వాత 1987లో ప్రమాదకర ప్రక్రియల మీద ఏకంగా ఒక అధ్యాయమే చట్టంలో కలిసింది. నిర్మాణ కార్మికులకు 1996లో వేరే చట్టం వచ్చి, 500 మంది పనిచేసే చోట ఈ పదవి ఉండాలంది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వస్తూ ఈ హద్దులను కిందికి దించింది. ఇప్పుడు మామూలు ఫ్యాక్టరీకి 500, ప్రమాదకర ప్రక్రియ ఉన్న ఫ్యాక్టరీకి 250, నిర్మాణానికి 250, గనికి 100 మంది అనేవి లెక్క. సంఖ్య తక్కువని ఇన్నాళ్లూ తప్పించుకున్న మధ్యస్థాయి కంపెనీలు కూడా ఇక మనిషిని వెతుక్కోక తప్పదు.

చట్టం ఒకవైపు నెడితే ప్రమాదాలు ఇంకోవైపు నెట్టాయి. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో వంటగ్యాస్ అంటుకుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడ్డ స్టైరీన్ ఆవిరి 12 మందిని బలిగొంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియాలో సాల్వెంట్ ఆవిరి అంటుకుని పేలుడు సంభవిస్తే 17 మంది పోయారు. ఈ మూడు తేదీలూ ఈ ప్రాంతపు సేఫ్టీ ఇంటర్వ్యూల్లో ఏదో ఒక రూపంలో తగులుతాయి. తెలియని అభ్యర్థి అక్కడే తేలిపోతాడు.

నియమాలు అడిగేది

చట్టబద్ధమైన సేఫ్టీ ఆఫీసర్‌గా నియమించడానికి కావలసిన అర్హతలు రాష్ట్రాల నియమాలన్నింటిలో ఇంచుమించు ఒకే మూసలో ఉంటాయి. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఇంజినీరింగ్ డిప్లొమా ఉన్నా, భౌతిక, రసాయన శాస్త్రాల్లో డిగ్రీ ఉన్నా అదే స్థాయిలో ఐదేళ్లు కావాలి. దాని మీద రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉండాలి. ముంబయిలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై వంటి చోట్ల ఉన్న ప్రాంతీయ లేబర్ ఇన్‌స్టిట్యూట్లు ఇచ్చే ఏడాది అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఈ కోవలో పేరున్నది. మూడో షరతు మీద ఎవరి కన్నూ పడదు: అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష తెలిసి ఉండాలి.

నిర్మాణ రంగపు కేంద్ర నియమాల్లో చిన్న తేడా ఉంది, దాని ఫలితం మాత్రం చిన్నది కాదు. అక్కడ బీఎస్సీకి చోటు లేదు. ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్ చదువులకే విలువ, సేఫ్టీ డిప్లొమాలో నిర్మాణ భద్రత మీద కనీసం ఒక పేపరు ఉండాలి. పైడిభీమవరం బల్క్ డ్రగ్ యూనిట్లో కెమిస్టుగా చేరి సేఫ్టీలోకి వచ్చిన బీఎస్సీ కుర్రాడు అదే రెజ్యూమెను భోగాపురం పనులకు పంపితే, రాత ఎంత బాగున్నా చట్టం ఒప్పదు.

నియమాల పక్షం వహించేవాళ్లు, అంటే పాత తరం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు, పెద్ద కంపెనీల భద్రతా విభాగాధిపతులు చెప్పేది ఇది: రెజ్యూమె మొదటి నాలుగు లైన్లలో చట్టబద్ధ అర్హత తేలిపోవాలి. చదువు, గుర్తింపు పొందిన డిప్లొమా, సూపర్‌వైజర్ హోదాలో చేసిన నెలలు, భాషలు ముందుండాలి, మిగతాదంతా తర్వాత. ఈ వాదంలో పొల్లు లేదు. అయితే దాని పరిధి చిన్నది. కంపెనీల్లో "సేఫ్టీ స్టీవార్డ్", "సేఫ్టీ సూపర్‌వైజర్", "ఈహెచ్‌ఎస్ ఎగ్జిక్యూటివ్" అనే పేర్లతో జరిగే నియామకాలకు ఈ అర్హతలన్నీ అక్కర్లేదు. కొత్తవాళ్లకు దొరికేవి ఎక్కువగా అవే.

సర్టిఫికెట్ల బాట

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఫైర్ అండ్ సేఫ్టీ కోర్సుల బోర్డులు చూసినవాళ్లకు ఈ పక్షం గురించి వేరే చెప్పనక్కర్లేదు. వీళ్ల లెక్కలో రెజ్యూమెకు ప్రాణం సర్టిఫికెట్. బ్రిటన్‌లో 1979లో మొదలైన నెబోష్ సంస్థ ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్, ఐఓఎస్‌హెచ్ వారి మేనేజింగ్ సేఫ్లీ, అమెరికా ఓషా పేరుతో వచ్చే ముప్పై గంటల కార్డు... ఇవన్నీ పేరు పక్కనే వరుసగా పేర్చమంటారు.

గల్ఫ్ విషయంలో వీళ్ల మాటను కొట్టిపారేయలేం. అక్కడి కాంట్రాక్టర్ల ప్రకటనల్లో నెబోష్ పేరు తరచూ కనబడుతుంది. అది లేని రెజ్యూమెను కన్సల్టెన్సీ పక్కన పెట్టేస్తుంది. కానీ అదే కాగితంతో మన ఫ్యాక్టరీలో చట్టబద్ధ పదవికి వెళ్తే, నియమాలు అడిగే డిప్లొమా ఉన్నట్టు కాదు. పది పదిహేను రోజుల తరగతులకూ ఏడాది డిప్లొమాకూ ఉన్న తేడాను కోర్సు అమ్మేవాళ్లు చెప్పరు, కొనేవాళ్లు అడగరు. ఓషా కార్డు సంగతి ఇంకా తేలిక. అది సర్టిఫికేషన్ కాదని, స్వచ్ఛంద అవగాహన కార్యక్రమమని అమెరికా కార్మిక శాఖే చెబుతుంది. "ఓషా సర్టిఫైడ్" అని రాసుకున్న రెజ్యూమె తెలిసినవాడి చేతిలో పడితే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

ఈ బాటలోనే ఒక ఊబి ఉంది. చేయని అనుభవాన్ని చేసినట్టు కొన్నేళ్లు కలిపి ఏజెంటే రెజ్యూమె రాసి పెట్టడం. సేఫ్టీ ఉద్యోగంలో ఈ అబద్ధం మామూలు అబద్ధం కాదు. గ్యాస్ టెస్ట్ చేయడం రాని మనిషి సంతకం మీద ఇంకొకడు ట్యాంకులోకి దిగుతాడు. విదేశీ ఉద్యోగాలకు కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంట్ల జాబితా ఉంది. వాళ్లు అభ్యర్థి నుంచి తీసుకోదగిన గరిష్ఠ రుసుము ₹30,000, దాని మీద జీఎస్టీ. రెజ్యూమె తయారీకని, సర్టిఫికెట్లకని అంతకు మించి అడిగేవాడి చేతిలో పాస్‌పోర్టు నంబరున్న కాగితం పెట్టకపోవడం మేలు.

అంకెల పక్షం

కార్పొరేట్ హెచ్‌ఆర్ నిపుణులు, రెజ్యూమె సలహాదారులు అంకెలు రాయమంటారు. ఎన్ని లక్షల సురక్షిత పని గంటలు, గాయాల రేటు ఎంత, ఎన్ని టూల్‌బాక్స్ టాక్‌లు, ఎంతమందికి శిక్షణ. మిగతా వృత్తుల్లో ఈ సలహా బాగానే పనిచేస్తుంది. అమ్మకాల ఉద్యోగి తాను పెంచిన అమ్మకాలు రాస్తాడు. సేఫ్టీలో మాత్రం అంకెకు ఉన్నంత మాయ ఇంకెక్కడా లేదు.

"పది లక్షల సురక్షిత పని గంటలు" అన్న ముక్క తీసుకుందాం. చాలా రెజ్యూమెల్లో అదే తలమానికం. ఒక సైటులో 500 మంది, రోజుకు పది గంటలు, నెలకు 26 రోజులు పనిచేస్తే నెలకే 1,30,000 గంటలవుతాయి. ఎనిమిది నెలల్లోపే పది లక్షలు దాటిపోతాయి. 2,000 మంది ఉంటే రెండు నెలలు చాలు. ఆ అంకె సైటు ఎంత పెద్దదో చెబుతుంది, మనిషి ఎంత చేశాడో చెప్పదు.

గాయాల రేటు సంగతీ అంతే. పనిదినం పోగొట్టిన గాయాల రేటును భారత ప్రమాణం ఐఎస్ 3786 ప్రకారం పది లక్షల పని గంటలకు లెక్కకడతారు. అమెరికా ఓషా పద్ధతిలో రెండు లక్షల గంటలకు. పది లక్షల గంటల్లో ఒక్క గాయమైతే మన లెక్కలో 1.0, అమెరికా లెక్కలో 0.2. ఏ లెక్కో రాయకుండా "0.2" అని వేసుకున్న రెజ్యూమెలో సుళువు ఉంటుంది గానీ అర్థం ఉండదు. నిజానికి ఒక్క కుండలీకరణంలో ఆధారం రాస్తే సరిపోయేదానికి ఇంత గందరగోళం అక్కర్లేదు.

లోతైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీలో బీపీ రిఫైనరీ పేలి 15 మంది పోయాక ఏర్పడ్డ బేకర్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. వ్యక్తిగత గాయాల రేటు తగ్గడాన్ని చూసి ప్లాంటు భద్రంగా ఉందని కంపెనీ భ్రమపడిందన్నది అందులో ప్రధానాంశం. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలిన నాడు, ఏడేళ్లు పనిదినం పోయే గాయం లేకుండా నడిచినందుకు అభినందించడానికి వచ్చిన అధికారులు రిగ్గు మీదే ఉన్నారు. ఆ రోజు 11 మంది పోయారు. జారిపడి కాలు బెణకడాన్ని తగ్గించే పని వేరు, రియాక్టరు అదుపు తప్పకుండా చూసే పని వేరు. రెజ్యూమెలో సున్నా అంకె మొదటిదాని గురించే చెబుతుంది.

పైగా సున్నా కోసం గాయాలను దాచే అలవాటు ఉండనే ఉంది. దెబ్బ తగిలినవాణ్ని సెలవు పెట్టించకుండా స్టోర్‌రూంలో కూర్చోబెడితే లెక్కలో పనిదినం పోలేదు. 1931లో హైన్‌రిచ్ ప్రతి పెద్ద గాయం వెనక 29 చిన్న గాయాలు, 300 గాయం కాని సంఘటనలు ఉంటాయని చెప్పినప్పటి నుంచి నియర్ మిస్‌లు లెక్కపెట్టమన్న వాదం బలపడింది. ఆ నిష్పత్తి ప్రతిచోటా నిలవదని తర్వాతి పరిశోధకులు గట్టిగానే వాదించారు. నెలకు ఇన్ని నియర్ మిస్ కార్డులు నింపాలని టార్గెట్ పెడితే మెట్ల మీద పడ్డ బఠాణీ గింజ కూడా కార్డెక్కుతుంది.

చేసిన పని చూపమనే పక్షం

ఇటీవల బలపడుతున్న వాదం ఇది. ప్రాసెస్ సేఫ్టీ ఇంజినీర్లు ఎక్కువగా ఇటు మొగ్గుతారు. అభ్యర్థి ఏ ముప్పుల మధ్య పనిచేశాడో, ఏం పట్టుకున్నాడో, పట్టుకున్నాక ఏం మారిందో రాయాలంటారు. "భద్రతా నియమాల అమలుకు బాధ్యత వహించాను" అన్న ముక్క లక్ష రెజ్యూమెల్లో ఉంటుంది, దాంతో ఏమీ తెలియదు. "డ్రమ్ము నుంచి సాల్వెంట్ ఎక్కించేటప్పుడు ఎర్తింగ్ క్లాంపు రంగు పొర మీద పడుతోందని గమనించి, క్లాంపు మార్పించి, కొనసాగింపు పరీక్షను పర్మిట్‌లో చేర్పించాను" అంటే వాడు ప్లాంటులో నడిచినవాడని ఒక్క లైనులో తెలుస్తుంది.

ఎక్కడి పనికి అక్కడి మాట ఉంటుంది. బల్క్ డ్రగ్ యూనిట్‌కు రాసేవాళ్లకు సెంట్రిఫ్యూజ్‌లో నైట్రోజన్ బ్లాంకెటింగ్, స్థిర విద్యుత్తు, హైడ్రోజనేషన్, వెసెల్ ఎంట్రీ, హజాప్ చర్చలో తన పాత్ర అవసరం. నిర్మాణానికి రాసేవాళ్లకు ఎత్తులో పని, తవ్విన గోతి గట్లు, క్రేన్ లిఫ్ట్ ప్లాన్, స్కాఫోల్డ్ ట్యాగులు. జనపనార మిల్లు, ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసు ఉన్న విజయనగరం వైపు దుమ్ము, చెవుడు తెచ్చే రొద, కరిగిన లోహం, వేడి. ఒకే రెజ్యూమెను మూడు చోట్లకూ పంపితే మూడు చోట్లా పరాయివాడిలాగే కనిపిస్తాడు.

ఈ వాదానికీ లోపాలున్నాయి. పెద్ద కంపెనీల్లో రెజ్యూమెను మొదట చదివేది తరచుగా మనిషి కాదు, మాటలు వెతికే సాఫ్ట్‌వేర్. పాత కంపెనీ లోపలి సంగతులు బయట పెట్టడం కొన్నిచోట్ల ఒప్పందానికి విరుద్ధం. కొత్తవాడికైతే చెప్పడానికి పెద్ద సంగతులే ఉండవు. అయినా షట్‌డౌన్ పనుల్లో ఫైర్ వాచ్‌గా, హోల్ వాచ్‌గా ఇరవై రోజులు నిలబడ్డవాడికి చెప్పడానికి ఏమీ లేదనడం పొరపాటు. ట్యాంకు మూత దగ్గర నిలబడి లోపలికి వెళ్లినవాళ్లను, బయటకు వచ్చినవాళ్లను లెక్కరాసుకుని, ఆక్సిజన్ రీడింగ్ పడిపోతే కేకేయాల్సిన పని అది. దాన్ని హెల్పర్ పనిగా ఒక మూల రాసేసి, సర్టిఫికెట్లను పైకి ఎక్కిస్తున్నారు.

ఇంకో మాట చట్టం వైపు నుంచి. నియమాల ప్రకారం సేఫ్టీ ఆఫీసర్ విధి యాజమాన్యానికి సలహా ఇవ్వడం, తోడ్పడటం. ప్రమాదం జరిగితే చట్టం ముందుగా నిలదీసేది ఆక్యుపయర్‌నూ మేనేజర్‌నూ. ఈ పదవిలో ఉన్నవాడికి విధికి అడ్డొచ్చే వేరే పని అప్పగించకూడదని కూడా నియమాల్లో ఉంది. "సేఫ్టీ, సెక్యూరిటీ, క్యాంటీన్, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్" అని గర్వంగా రాసుకున్న రెజ్యూమె అభ్యర్థి గొప్పతనం కన్నా ఆ కంపెనీ తీరు గురించి ఎక్కువ చెబుతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

నాలుగు పక్షాలూ ఒకే ప్రశ్నకు జవాబు ఇవ్వడం లేదు. నియమాల పక్షం "ఇతన్ని నియమించడానికి చట్టం ఒప్పుతుందా" అని చూస్తుంది. సర్టిఫికెట్ల పక్షం "జల్లెడలో నిలుస్తాడా" అని. అంకెల పక్షం "యాజమాన్యం మెచ్చుతుందా" అని. పని పక్షం "ఇతను వచ్చాక మనుషులు క్షేమంగా ఇళ్లకు వెళ్తారా" అని. చట్టబద్ధ పదవికి మొదటిదే తలుపు. గల్ఫ్‌కు రెండోది తప్పదు. మూడోదాన్ని ఆధారం చూపి, పొదుపుగా వాడుకోవాలి. పేజీలో ఎక్కువ చోటు నాలుగోదానికే దక్కాలన్నది ఈ వ్యాసకర్త పక్షం, ఎందుకంటే మిగతా మూడూ కొనుక్కోగలిగినవో సర్దుకోగలిగినవో.

ఈ లెక్కలో శ్రీకాకుళం కుర్రాడి చేతిలో ఉన్న బలం ఒకటి ఎప్పుడూ అట్టడుగునే పడి ఉంటోంది. కార్మికుల భాష తెలియాలని నియమాలు కోరుతున్నాయి. పైడిభీమవరం షాపుల్లోనూ నిర్మాణ సైట్లలోనూ తెలుగువాళ్ల పక్కన ఒడిశా, బిహార్, జార్ఖండ్ మనుషులు పనిచేస్తున్నారు. ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు పుట్టినవాడికి తెలుగుతో పాటు ఒడియా వస్తుంది, గల్ఫ్ చేసి వచ్చినవాడికి హిందీ వస్తుంది. మూడు భాషల్లో టూల్‌బాక్స్ టాక్ చెప్పగలవాడు దాన్ని రెజ్యూమె చివర, అభిరుచుల పక్కన "తెలిసిన భాషలు" అని ఒక్క లైను రాసి ఊరుకుంటాడు. అనుభవం కింద, ఎంతమందికి ఏ భాషలో ఏ పని గురించి చెప్పాడో రాస్తే అది నియమాన్నీ తృప్తిపరుస్తుంది, పనినీ చూపిస్తుంది.

ఇంకా తేలనివి

పనివాడి నుంచి సేఫ్టీకి వచ్చే దారి మొదటిది. పదేళ్లు రిగ్గర్‌గా చేసిన ఐటీఐ మనిషికి వేలాడే బరువు గురించి, ఇంజినీరింగ్ పట్టా ఉన్న రెండేళ్ల సూపర్‌వైజర్ కన్నా ఎక్కువ తెలిసి ఉండొచ్చు. నియమాల్లో అతనికి చోటు లేదు. కొత్త కోడ్ హద్దులు దించి పదవులు పెంచింది, అర్హతల తలుపు ఎంత తెరుస్తుందన్నది రాష్ట్ర నియమాలను బట్టి ఉంటుంది. ఈలోగా అతని రెజ్యూమె "సేఫ్టీ సూపర్‌వైజర్" దగ్గరే ఆగుతుంది. చదువు లేనివాణ్ని ఆ పదవిలోకి పంపకూడదన్న వాదంలోనూ నిజం ఉంది. రసాయన ప్రక్రియ ముప్పులు కంటికి కనబడేవి కావు.

ప్రమాదం జరిగిన కంపెనీలో పనిచేసినవాళ్లది రెండో చిక్కు. ఆ కంపెనీ పేరు కనబడగానే కొందరు రెజ్యూమె మూసేస్తారు. విచారణలో పాల్గొన్నవాడికి దొరికిన పాఠం ఏ కోర్సులోనూ దొరకదని ఇంకొందరంటారు. పేరు దాచలేరు, ఎందుకంటే పీఎఫ్ చరిత్ర దాచనివ్వదు. ప్రమాదం నాడు తన హోదా, తన షిఫ్ట్, ఆ తర్వాత తాను అమలు చేసిన మార్పు అని మూడు వాక్యాల్లో, ఎవరినీ నిందించకుండా రాయమనే సలహా మేలైనదిగా కనిపిస్తుంది. అయినా అది చదివేవాడి గుండె ధైర్యం మీద ఆధారపడేదే.

మూడోది అన్నింటికన్నా కష్టమైనది. పని ఆపిన సేఫ్టీ ఆఫీసర్ సంగతి. గ్యాస్ టెస్ట్ కాలేదని వెసెల్ ఎంట్రీ పర్మిట్ మీద సంతకం పెట్టనంటే బ్యాచ్ ఆలస్యమవుతుంది, ప్రొడక్షన్ వాళ్లకు కోపం వస్తుంది, ఆర్నెల్లలో మనిషి "సొంత కారణాల" మీద మానేస్తాడు. పాత ఫ్యాక్టరీల చట్టంలోని 41-హెచ్ సెక్షన్ ముంచుకొస్తున్న ముప్పును చెప్పే హక్కు కార్మికులకు ఇచ్చింది. ఆ మాట చెప్పిన సేఫ్టీ ఆఫీసర్ తర్వాతి కొలువుకు దరఖాస్తు పెట్టేటప్పుడు, మానేసిన కారణం గడిలో ఏం రాయాలి? నిజం రాస్తే గొడవ మనిషి అనుకునే హెచ్‌ఆర్ ఉన్నారు, నిజం రాసినవాణ్నే ఏరి పెట్టుకునే ప్లాంట్ హెడ్‌లూ ఉన్నారు. రెజ్యూమె ఎవరి బల్ల మీద ముందు పడుతుందో అభ్యర్థికి తెలియదు. అందుకే ఆ గడిలో ఇప్పటికీ ఎక్కువమంది రాస్తున్నది "మెరుగైన అవకాశం కోసం" అనే.